చెప్పుల్లో కమలాపండు

నా చిన్నప్పుడు మేమున్న ఊళ్లో తెలుగువాళ్లంటే మేం ముగ్గురమే. నాన్నగారు, అమ్మ, నేను. అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలో పాడి తప్ప మరో ధ్యాస లేని చిన్న ఊరది. మనుషుల కంటే ఆవులు ఎక్కువ, ఆవుల కంటే మంచు ఎక్కువ. ఊరి ఆస్పత్రిలో నాన్నగారు డాక్టరు. ఇప్పుడు నేను అమెరికాలోనే మా అమ్మాయి దగ్గర శాన్ రామన్‌ అనే ఊళ్లో ఉంటున్నాను. ఇక్కడ ఇండియన్ కొట్టుకెళితే గోంగూర కట్టల దగ్గర నలుగురు తెలుగువాళ్లు తగులుతారు. వద్దన్నా పలకరిస్తారు, ఏ ఊరని అడుగుతారు, చివరికి దూరపు చుట్టరికం కూడా తేలుస్తారు. ఒక్క తెలుగు ముఖం కోసం మా అమ్మ ఎంత అల్లాడిపోయిందో వీళ్లకు చెప్పినా నమ్మరు.

ఆ ఊళ్లో సగం ఇళ్లవాళ్ల తాతముత్తాతలు జర్మనీ నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లేనట. కానీ ఆ మాట పైకి ఎవరూ అనేవారు కాదు. శ్మశానంలో పాత సమాధిరాళ్ల మీద జర్మన్ భాష ఉండేది. బతికున్నవాళ్ల నోట ఒక్క ముక్క వినపడేది కాదు. మా పక్కింట్లో అలాంటి కుటుంబానికి చెందిన ముసలావిడ ఒక్కతే ఉండేది. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఇంట్లో మేం ఆవిణ్ణి మామ్మగారు అని చెప్పుకునేవాళ్లం. ఎదురుపడితే నవ్వి చెయ్యి ఊపడమే తప్ప రాకపోకలు లేవు. మా అమ్మకు ఇంగ్లీషు రాదు, ఆవిడకు బిడియం. ఇద్దరూ పగలంతా తమ తమ కిటికీల దగ్గర కూర్చుని ఒకే వీధిని చూస్తూ ఉండేవారు.

నేను బళ్లో చేరిన కొత్తలోనే టీచరు నాన్నగారిని పిలిపించి, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే పిల్ల వెనకబడిపోతుంది అని చెప్పింది. పాపం, మంచికే చెప్పింది. నాన్నగారు డాక్టరు కదా, ఎవరైనా మందు రాసిస్తే డోసు తగ్గించకుండా వేసే రకం. ఆ రోజు నుంచి నాతో తెలుగు మాట్లాడటం బందు. అమ్మ నన్ను అన్నానికి పిలవాలంటే కంచం మీద గరిటెతో కొట్టేది. పగలంతా ఒంటరిగా ఉండేది, సాయంత్రం మేమిద్దరం ఇల్లు చేరాక కూడా ఒంటరిగానే ఉండేది. కూర తరుగుతూ తనలో తను మాట్లాడుకోవడం చాలాసార్లు విన్నాను. వంకాయలతో తెలుగు మాట్లాడితే టీచరుకు తెలియదు కదా.

ఒక్క విషయంలో మాత్రం అమ్మ ఎవరి మాటా వినలేదు. చెప్పులు గడప దాటి లోపలికి రాకూడదు. మా ఇంటి ముందు అద్దాల వసారా ఉండేది. దానికి తాళం వేసే అలవాటు ఆ ఊళ్లో ఎవరికీ లేదు. అక్కడే గడప పక్కన నాన్నగారి బూట్లు, అమ్మ చెప్పులు, నా స్నో బూట్లు వరసగా ఉండేవి. నాన్నగారికి అది నామోషీ.

"ఊళ్లో ఒక్క గుమ్మం ముందైనా ఇలా ఉన్నాయా? వచ్చేపోయేవాళ్లంతా చూస్తున్నారు" అనేవారు.

"చూడనివ్వండి. చెప్పులేగా, దొంగసొత్తేం కాదుగా" అనేది అమ్మ. కోపం వస్తే ఇద్దరికీ తెలుగే వచ్చేది. అందుకని వాళ్లు పోట్లాడుకుంటుంటే నాకు పండగలా ఉండేది.

మేం ఆ ఇంట్లోకి మారిన ఏడాది, డిసెంబరు మొదట్లో ఒక పొద్దున బడికి బయలుదేరి స్నో బూటులో కాలు పెడితే గుండ్రంగా ఏదో తగిలింది. తీసి చూస్తే కమలాపండు! దాని కింద అక్రోటుకాయలు, నక్షత్రాల ఆకారంలో కోసిన బిస్కెట్లు. నాన్నగారి బూట్లలోనూ అవే. అమ్మ చెప్పుల మీద కూడా ఒక్కో పండు బుద్ధిగా కూర్చుని ఉంది. నేను గంతులేస్తూ అమ్మను కేకేశాను. అమ్మ వచ్చి చూసింది. ఆవిడ ముఖంలో రక్తం లేదు.

"చెప్పుల్లో తిండి పెట్టారండీ" అంది నాన్నగారితో. "మనమేం కుక్కలమా?"

నాన్నగారు కూడా అవమానంగానే తీసుకున్నారు. కాకపోతే ఆయన మింగేసే మనిషి. గొడవలొద్దు, ఎవరితోనూ అనకు, చెప్పులు లోపల పెట్టమని మొదటి నుంచీ చెబుతున్నాను అంటూ బూట్లు దులుపుకుని కారెక్కి వెళ్లిపోయారు. అమ్మ గడప మీద కూలబడి ఏడ్చింది. "నన్ను మా అమ్మ దగ్గరికి పంపించెయ్యమనవే మీ నాన్నని. ఈ ఊళ్లో నేనుండలేను" అంది. ఏడాదిగా తెలుగు దూరమై సగం మాటలు మర్చిపోయిన నాకు ఆ మాట మాత్రం పూర్తిగా అర్థమైంది. అమ్మ వెళ్లిపోతుంది.

అప్పుడు మంచు మీద అడుగులు కనపడ్డాయి. మా వసారా నుంచి తిన్నగా పక్కింటి గుమ్మం దాకా. అమ్మ కూడా చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుని, పళ్లూ కాయలూ బిస్కెట్లూ అన్నీ కాగితం సంచిలోకి ఎత్తి, నా చెయ్యి పట్టుకుంది. చీర మీద కోటు, కోటు మీద కోపం. నన్ను ఈడ్చుకుంటూ మామ్మగారి తలుపు తట్టింది.

తలుపు తీసిన ముసలావిడ ముఖం వెలిగిపోయింది. మేం సంతోషం పట్టలేక వచ్చామనుకుంది పాపం. "అడగవే" అంది అమ్మ. "మేం ఏం పాపం చేశామని చెప్పుల్లో తిండి పెట్టారో అడుగు." నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ సంచి వైపు చూసింది, అమ్మ కళ్లు చూసింది. ఇంతింత ముఖం ఇంతైపోయింది. మమ్మల్ని లోపలికి పిలిచి వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టింది.

ఆవిడ చెబుతుంటే నేను అమ్మకు చెబుతూ పోయాను. నికొలస్ అనే పాతకాలపు సాధువు పేరు మీద వాళ్లకొక పండగ. ముందురోజు సాయంత్రం పిల్లలు తమ బూట్లు శుభ్రంగా తుడిచి గడప దగ్గర పెడతారు. తెల్లారేసరికి వాటిలో పళ్లూ మిఠాయిలూ ఉంటాయి. చిన్నప్పుడు వాళ్లింట్లో తప్పకుండా జరిగేదట. ఇప్పుడు ఊళ్లో ఎవరూ చేయరు. అయినా ఏటా ఆ సాయంత్రం ఆవిడ వీధిలోకి వెళ్లి అందరి గుమ్మాలూ చూసి వస్తుందట. ఈ ఏడు మా గడప ముందు మూడు జతలు వరసగా కనపడ్డాయి. ఎక్కడో ఇండియా నుంచి వచ్చినవాళ్లింట్లో తన పండగ ఉందనుకుని, ఇంటికి పరిగెత్తి బిస్కెట్లు కాల్చింది.

ఎందుకు మానేశారని అమ్మ అడగమంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో మామ్మగారు నా అంత పిల్ల. అప్పటిదాకా ఇంట్లో, బళ్లో, చర్చిలో జర్మనే. అమెరికా జర్మనీతో యుద్ధానికి దిగిన ఏడాది, ఊళ్లో వాళ్లే, తెలిసినవాళ్లే, వచ్చి వాళ్ల తలుపుకు పసుప్పచ్చ రంగు పూసిపోయారు. శత్రువుల ఇల్లని గుర్తన్నమాట. చర్చిలో ప్రసంగం ఇంగ్లీషులోకి మారింది. ఆ డిసెంబరులో వాళ్ల నాన్న, గడప మీద బూట్లు చూస్తే ఈ ఇల్లెవరిదో తెలిసిపోతుంది, లోపల పెట్టండి అన్నాడట. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడాలన్నాడు. వాళ్లమ్మకు ఇంగ్లీషు రాదు.

ఇంకొక్క మాట చెప్పి ఆవిడ ఆగింది. నేను అమ్మ వైపు తిరిగి, ఆవిడ మాట్లాడటం మానేసింది అన్నాను.

"ఎవరే మానేసింది?"

"వాళ్ల అమ్మ. అప్పటి నుంచి... చచ్చిపోయేదాకా."

 అమ్మ చేతిలో సంచి బల్ల మీద పెట్టి నెమ్మదిగా కోటు విప్పింది. అంతదాకా కోటు విప్పకుండానే కూర్చుందన్న సంగతి అప్పుడే చూశాను.

వాళ్లమ్మ పడుకోబెట్టేటప్పుడు ఒక చిన్న పద్యం చెప్పేదట. మామ్మగారు గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. రెండు పాదాలు హాయిగా వచ్చాయి, తర్వాత ఆగిపోయింది. మళ్లీ మొదటికి వెళ్లి పుంజుకుని వచ్చింది. మళ్లీ అక్కడే ఆగింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. మిగతాది ఎవరినైనా అడుగుదామంటే ఎవరూ మిగల్లేదని నవ్వుతూ చెప్పింది. ఆ ముక్క అమ్మకు చెప్పబోతే నాకు తెలుగు అందలేదు. "మిగతాది... ఎవరినీ..." అంటూ నేను కూడా ఆగిపోయాను. అమ్మ మామ్మగారిని చూడటం మానేసి నన్ను చూసింది. అలా చూస్తూనే ఉంది. నేను ఏదో తప్పు చేశాననుకుని బెదిరిపోయాను.

తర్వాత అమ్మ సంచిలోంచి ఒక కమలాపండు తీసి, ఒలిచి, తొనలు మూడు వాటాలు వేసింది. మామ్మగారికి, నాకు, తనకు. తొక్క చెప్పులకు తగిలిందే గాని తొనకు తగల్లేదు కదా అని ఇంటికొచ్చాక నాకు సమాధానం చెప్పింది. బిస్కెట్లు మాత్రం ముట్టలేదు. మడి అంత తేలిగ్గా పోతుందా?

ఆ సాయంత్రం నాన్నగారు వచ్చి బూట్లు విప్పి, చేత్తో పట్టుకుని లోపలికి తేబోతుంటే అమ్మ అడ్డం నిలబడింది. చెప్పులు బయటే ఉంటాయంది. రేపటి నుంచి పిల్లతో తెలుగే మాట్లాడతానంది. నాన్నగారు టీచరు మాట ఎత్తారు.

"టీచరు చదువు టీచరు చెప్పుకుంటుంది. నేను కూడా మాట్లాడ్డం మానేస్తే మీకు బావుంటుందా?" అంది అమ్మ.

జరిగిందంతా అమ్మ చెప్పింది. నాన్నగారు బూట్లు పట్టుకుని అలాగే నిలబడి విన్నారు. తర్వాత వాటిని వసారాలో పెట్టి వచ్చి, నా తల మీద చెయ్యి వేసి, "ఆకలేస్తోందా అమ్మా?" అన్నారు తెలుగులో. ఏడాది తర్వాత నాన్నగారు నన్ను తెలుగులో అడిగిన మొదటి మాట అది. నాకెందుకో ఏడుపొచ్చింది.

అమ్మ దగ్గర మా అమ్మమ్మ కట్టి పంపిన మినప్పప్పు ఒక డబ్బాలో అడుగున మిగిలి ఉండేది. నా పుట్టినరోజుకని దాచింది. ఆ వారమే దాన్ని దోరగా వేయించి, విసిరి, సున్నుండలు చుట్టింది. ఊళ్లో నెయ్యి దొరకదు గాని వెన్నకు కొదవా! ముందు దేవుడి పటం ముందు పెట్టింది. తర్వాత వాటిని వెండికాగితంలో చుట్టి, నన్ను వెంటబెట్టుకుని మామ్మగారి గుమ్మంలోకి వెళ్లింది. అక్కడ ఆవిడ రబ్బరు బూట్లు, పాతవి, మంచు తుడుచుకునే పట్టా మీద ఉన్నాయి. అమ్మ వాటి ముందు చాలాసేపు నిలబడింది. నేను లాగేస్తున్నా కదల్లేదు. దేవుడికి పెట్టింది చెప్పుల్లో పెట్టడమంటే మా అమ్మకు ఏమిటో మీకు తెలుసు. చివరికి ఆ పొట్లాలు కళ్లకద్దుకుని, ఒక్కో బూటులో ఒక్కో పొట్లం పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. పండగ ఒక్క రోజుదేనని, అది అయిపోయిందని మాకు తట్టలేదు. తట్టినా అమ్మ ఆగేది కాదు.

మర్నాడు మామ్మగారు మా ఇంటికి వచ్చింది. వసారాలోనే బూట్లు విప్పి మా చెప్పుల వరసలో పెట్టి, మేజోళ్లతో లోపలికి వచ్చింది. వాళ్ల నాన్న బూట్లు లోపల పెట్టమన్న ఏడాది నుంచి తన బూట్లలో ఎవరూ ఏమీ పెట్టలేదని చెప్పింది. అమ్మ ఆవిడకు తెలుగులోనే జవాబు చెప్పింది. నేను మధ్యలో దాన్ని ఇంగ్లీషులో చెప్పబోతే నన్ను నోరుముయ్యమంది.

ఆ చలికాలమంతా ఆవిడ వస్తూనే ఉంది. ఆ సగం పద్యం నన్ను నేర్చుకోమని కూర్చోబెట్టింది మాత్రం అమ్మే. "సగమైతేనేం, నీ దగ్గరుంటే పోకుండా ఉంటుంది. ఆవిడకి ఎవరున్నారు?" అంది. అర్థం తెలియకుండానే వల్లించాను. నేను ఆగిపోయిన చోట మామ్మగారు కళ్లు మూసుకుని కాస్త ఎదురుచూసేది.

వాళ్లెవరూ ఇప్పుడు లేరు. ఇక్కడ శాన్ రామన్‌లో మా వీధిలో మాత్రం డిసెంబరైనా కాకపోయినా ప్రతి తలుపు ముందూ చెప్పులు కుప్పలే. ఏటా నికొలస్ పండగ ముందురోజు సాయంత్రం నేను కూడా బయటికి వెళ్లి ఒకసారి అందరి గుమ్మాలూ చూసి వస్తాను. పలకరించే వాళ్లు చాలామందే ఉన్నారు. ఆ మంచు ఊరిని ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు. మా అమ్మాయి ఆఫీసులో ఒక జర్మనీ కుర్రాడుంటే, ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు ఆ పద్యం అతనికి వినిపించాను. మర్యాదగా విని, ఇది మా బళ్లో నేర్పే భాష కాదు, ఏదో పాత పల్లె యాస, మా అమ్మమ్మ ఉంటే చెప్పేదేమో అన్నాడు. ఫోనును అడిగితే అదీ చేతులెత్తేసింది.

పోయిన డిసెంబరులో మా మనవరాలి బూట్లలో కమలాపండ్లు పెట్టాను. అది చూసి, "అమ్మమ్మా, షూస్‌లో ఫుడ్ పెట్టావా? యక్!" అంది. అచ్చం మా అమ్మే. ఆ పూట పక్కలో చేరి పద్యం చెప్పమంది. చెప్పాను. ఎప్పుడూ ఆగే చోటే ఆగాను.

"రెస్ట్ ఆఫ్ ఇట్ ఎవరికి తెలుసు, అమ్మమ్మా?"

"ఎవరికీ తెలీదమ్మా. అడుగుదామంటే ఎవరూ లేరు" అన్నాను. మా అమ్మకు ఆ రోజు చెప్పలేక ఆగిపోయిన మాట, నోరు తడబడకుండా వచ్చింది. నేను దానితో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడతాను. అది ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. చెప్పనీ. వింటోంది కదా.