గోరు దిగని తూటా

మా షికారి కాక పాత ఫౌజు రైఫిల్‌ల తూటా ఎక్కిచ్చే ముందు దాని మొన మీద గోరు నొక్కి చూసేటోడు. గోరు దిగితే మెత్తటి సీసం, జింక ఒక్క దెబ్బకే పడుతది. ఫౌజు తూటా మీద రాగి తొడుగుంటది, గోరు దిగదు. అది దూసుకపోతది, జింక గాయంతోని ఉరికి ఎక్కడనో సస్తది.

నా లగ్గంల జింక కూర పెడుతనని అత్తగారోళ్లకు కోతలు కోసిన. తూటాల సంచి సదిరింది నేనే. మెరుస్తున్నయని అన్నీ ఫౌజు తూటాలే ఏసిన, నా తెల్వి గంతే. ఉట్నూరు అడవిల జింక ఎదురుంగనే నిలవడ్డది. కాక గోరు నొక్కిండు, దిగలే.

"కొట్టు కాకా, తెల్లారితే లగ్గం! నా ఇజ్జత్ పోతది!"

"నీ ఇజ్జత్ కోసం అది అడవంత కుంటుకుంట తిరగాల్నారా?" అని రైఫిల్ దించిండు.

లగ్గంల పప్పు చూసి మా మామ మొఖం మాడ్సుకున్నడు. ఎన్నడూ గురి తప్పని కాక లేచి, "పిలగానిది తప్పులేదు బావా, నాకే గురి తప్పింది" అన్నడు.

అప్పటిసంది ఊరంత తనను ఎక్కిరిచ్చినా, కాక ఒక్కనాడన్న నా పేరు ఎత్తలే.