సోమవారానికి మాయమయ్యే సెట్టింగు

మా బావ చివరిసారిగా చేసిన పని, వంటింట్లో గ్యాసు కట్టేసి హాల్లోకి వచ్చి, కట్టేశానా లేదా అని మళ్ళీ వెళ్ళి చూసి రావడం. "అన్నిసార్లు చూస్తే అరిగిపోతుందండీ," అంది అక్క. ఆయన నవ్వి కుర్చీలో కూర్చున్నాడు. ఇక లేవలేదు.

బావ ఒక బీమా ఆఫీసులో కంప్యూటర్లు చూసేవాడు. వచ్చీపోయే ప్రతి మెయిలుకూ నకలు దాచే వ్యవస్థ కూడా ఆయన చేతిలోనే ఉండేది. ఆఫీసులో అందరూ ఆయన్ని తాళంకప్ప అనేవారు.

ఒకసారి పైనుంచి ఆదేశం వచ్చింది. ఏదో విచారణ ఉందట, కొన్ని పాత మెయిళ్ళు చెరిగిపోకూడదు. విడిగా తీసిన నకళ్ళు చెల్లవు. బావ 'చెరపవద్దు' అనే గడిలో టిక్కు పెట్టాడు. సోమవారం చూస్తే టిక్కు లేదు. మళ్ళీ పెట్టాడు. పై సోమవారానికి మళ్ళీ మాయం. నెలాఖరున పాత మెయిళ్ళన్నీ వాటంతటవే చెరిగిపోతాయి. ఆ నెలాఖరు ఆదివారం పడింది.

బావకు అన్నం సహించలేదు. పాస్‌వర్డు మార్చాడు. ఆ వ్యవస్థను అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే "ఓసారి ఆపేసి మళ్ళీ ఆన్ చెయ్యండి సార్," అన్నారు.

"దొంగ దొరికాడా బావా?" అన్నాను.

"నవ్వరా నవ్వు. నీ సెట్టింగులు పోతే తెలుస్తుంది."

"వాడివి పుట్టినప్పుడే పోయాయి లెండి," అంది అక్క.

నెలాఖరుకు ముందు ఆదివారం బావ క్యారియరు కట్టించుకుని, తోడుకు నన్ను లాక్కుని ఆఫీసుకెళ్ళాడు. ఖాళీ కుర్చీలు, ఏసీ హోరు. మధ్యాహ్నం అన్నం తింటుండగా మా కళ్ళముందే టిక్కు ఎగిరిపోయింది. బావ ముద్ద పక్కన పెట్టి, ఎడమచేత్తోనే మీటలు నొక్కి, ఆ క్షణాన కంప్యూటరులో ఏ పని నడిచిందో వెతికాడు.

అది ఆయన పెట్టిన పనే. ఎప్పుడో ఒక మేనేజరు సెట్టింగులు కెలికి పాడుచేస్తే, బావ మంచి సెట్టింగుల నకలొకటి దాచి, ప్రతి ఆదివారం దాన్నే తిరిగి ఎక్కించమని కంప్యూటరుకు చెప్పాడు. చెప్పి మరిచిపోయాడు. ఆ పాత నకల్లో ఈ టిక్కు లేదు.

"అంటే నీ ఇంటికి నువ్వే కన్నం వేసుకున్నావన్నమాట!"

"మెల్లగా అనరా, మీ అక్క వింటుంది."

"అక్క ఇంట్లో ఉంది బావా."

"అయినా వింటుంది."

ఆ పనిని తీసేశాడు. తీసేశానా లేదా అని మళ్ళీ చూశాడు. మెయిళ్ళు నిలిచాయి. మర్నాడు ఆఫీసులో దొంగ తనేనని తనే చెప్పుకున్నాడు. కొన్నాళ్ళకు ఆయన్ని చిన్న శాఖకు మార్చారు. కన్నం వేసినందుకు పడిన శిక్ష అది అని ఏళ్ళ తరబడి ఏడిపించాం. ఆయన కాదనలేదు.

బావ పోయాక పలకరించడానికి వచ్చిన పాత మేనేజరు, టీ కప్పు చేతిలో తిప్పుతూ అన్నాడు: "ఆ ఆదివారం ఆయన ఇంట్లో పడుకుని ఉంటే సరిపోయేదండీ."

ఆ విచారణ బావ మీదేనట. పాస్‌వర్డు మరిచిపోయిన ఒక క్లర్కమ్మకు ఆయన రాసిన పెడసరి జవాబులు ఆ మెయిళ్ళు. విచారణ రోజున వాటిని తనే తెరిచి, "నేను రాసినవేనండీ," అన్నాడట.