ఇవాళ అవతలి వింగర్ పక్షం

న్యూజిలాండ్‌లో వెల్లింగ్టన్ నుంచి లోవర్ హట్ వెళ్లే ఉదయం రైల్లో నా ఎదుట కూర్చున్న ఆంటీ, తెలుగులో రాసుకున్న నోట్‌బుక్ చూస్తూ పెదాలు కదుపుతున్నారు. ప్రార్థన అనుకున్నాను. కిటికీ పక్కనే సముద్రం గడ్డకట్టినట్టు కదలకుండా ఉంది.

"ప్రార్థనా?" అని పలకరిస్తే నవ్వారు. తెనాలావిడ, వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సు.

"ఐస్ హాకీ అమ్మా. మా దగ్గర ఒక కెనడా పెద్దాయన ఉన్నారు. ఇద్దరు వింగర్లలో, అదే, పక్క అంచుల్లో ఆడేవాళ్లలో, ఎవరు గొప్పని రోజూ నాతో వాదన. ఒకడు మెరుపులా నాలుగేళ్లు ఆడి, మోకాలు దెబ్బతిని మానేశాడు. ఇంకోడిదీ అంతే స్పీడు, ఇరవై ఏళ్లు ఆడాడు. ఆయన నాలుగేళ్లవాడి పక్షం, నేను ఇరవై ఏళ్లవాడి పక్షం."

"మీరు ఆ ఆట చూశారా?"

"ఫ్రిజ్‌లో తప్ప ఐసే చూళ్లేదు." పేజీ తిప్పారు. "నిన్న ఆయన తన పక్షమేదో మర్చిపోయి నా వైపు మాట్లాడారు. అందుకే ఇవాళ నాలుగేళ్లవాడి గురించి చదువుకుంటున్నా."

"ఒప్పేసుకోవచ్చుగా ఆంటీ?"

"ఒప్పుకుంటే మళ్లీ పడుకుంటారమ్మా. వాదిస్తేనే లేచి కూర్చుంటారు."

సాయంత్రం తిరుగు రైల్లో మళ్లీ అదే నీళ్లు. వాటి మీద ఆ ఇద్దరు వింగర్లు నా కిటికీతో పాటు జారుతూ వస్తున్నట్టనిపించింది. ఎవరూ గెలవకూడదని కోరుకున్నాను.