గీతలు లేని వేళ్లు

మా పక్కింటి పెద్దమ్మ పోయిన వారం చనిపోయింది. కార్ఖానాలో టవళ్ల మగ్గం దగ్గర ఉండగా నాకు కబురు వచ్చింది. మగ్గం ఆపి మేముండే నీలం నగర్‌కు పరుగెత్తాను. అప్పటికే గల్లీ అంతా ఆమె వాకిట్లో ఉంది. ఆమె గురించి రాయాలంటే ఈ గల్లీ గురించీ రాయాలి. నేనూ ఇందులోవాణ్ణే, అందుకే సిగ్గుపడుతూ రాస్తున్నాను.

ఆమె మాకు చుట్టం కాదు. మా అమ్మ మంచాన పడ్డప్పుడు మాకు రొట్టెలు చేసి పెట్టింది, అట్లా పెద్దమ్మ అయింది. పొద్దంతా గడపలో కూర్చుని, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుట్టేది. నవ్వినా ఏడ్చినా వేళ్లు ఆగేవి కావు. నేను ఫోన్‌లో వీడియోలు చూసి కంప్యూటర్ నేర్చుకుంటుంటే గల్లీలో అందరూ ఎగతాళి చేశారు. ఆమె మాత్రం, "నేర్సుకో బిడ్డా, రేపు నాకే అక్కరకొస్తవ్" అంది. అట్లాగే అయింది.

ఆమె కొడుకు జైల్లో ఉన్నాడు. కార్ఖానాలో జరిగిన కొట్లాటలో ఒక మనిషి చచ్చిపోయాడు, ఇతనికి శిక్ష పడింది. పెద్దమ్మ జొన్న రొట్టెలు, పల్లీల చట్నీ మూట కట్టుకుని బస్సెక్కి, కొడుకును చూడడానికి ములాఖత్‌కు పోయేది. గేటు దగ్గరి ముసలి జవాను ముఖం చూసి గుర్తుపట్టి లోపలికి పంపేవాడు. తర్వాత జైలంతా కంప్యూటర్ చేశారు. చూడడానికి వచ్చినవాళ్లు మిషన్ మీద బొటనవేలు పెట్టాలి. మిషన్ ఆమె వేలిని ఒప్పుకోలేదు. చేతులు కడుక్కుని రమ్మన్నారు. సబ్బుతో రుద్ది కడిగి వచ్చింది, మళ్లీ కాదంది. ఏళ్ల తరబడి ఆకు చుట్టిన వేళ్ల మీద గీతలు ఎక్కడివి? మా దగ్గర బీడీలు చుట్టే ఆడవాళ్లందరి వేళ్లూ అంతే. ఆ మిషన్ పెట్టించిన పెద్దమనుషులు ఇలాంటి చెయ్యి ఒక్కటైనా పట్టుకుని చూశారా? రొట్టెల మూట అట్లాగే వెనక్కి తెచ్చింది. "గీతలన్నీ బీడీలు తాగినయి బిడ్డా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఉన్నమాట చెప్పాలి, తర్వాత ఆ కంప్యూటరే మేలు కూడా చేసింది. వీడియో ములాఖత్ మొదలైంది. ఆమె పేరు ఎక్కించి, లింకు తెరిచి ఇవ్వడం నా పని. కాల్ ఉన్న రోజు ఆమె తల దువ్వుకుని, ఫోన్‌ను చెంబుకు ఆనించి, ఎప్పటిలాగే చేట ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. "అమ్మా, జర చేతులు ఆపవే" అనేవాడు కొడుకు. "ఆపితే ఏడుపొస్తది రా" అనేది.

అతను గల్లీని చూపించమని అడిగేవాడు. ఆమె ఫోన్ పట్టుకుని లేస్తే చాలు, తలుపులు మూసుకునేవి. ఆ కాల్‌లో ముఖం పడితే అది జైలు కంప్యూటర్‌లో ఎక్కుతుందని, రేపు ఏ కేసు జరిగినా పోలీసులు ఆ ముఖం కోసమే వస్తారని ఎవరో పుకారు పుట్టించారు. అతనితో కలిసి మగ్గాలు నడిపినవాళ్లే టవల్ అడ్డం పెట్టుకుని పోయేవాళ్లు. అదంతా ఒట్టి మాటని నాకు తెలుసు. అయినా నేను కూడా ఫోన్ వెనకే నిలబడేవాణ్ణి. పెద్దమ్మ గమనించింది. ఖాళీ గల్లీని చూపిస్తూ, "అందరు పనికి పోయిన్రు రా" అని మా పరువు కోసం అబద్ధమాడేది.

తల్లి చావుకు అతన్ని పంపలేదు. సెలవు కాగితం టైముకు కదల్లేదు. జైలువాళ్లు వీడియో కాల్ మాత్రం ఇచ్చారు. నేను ఫోన్ ఎత్తి పట్టుకున్నాను. అంతే, శవం చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే జరిగి నా వెనక్కి వచ్చారు. తెర మీద పెద్దమ్మ ఒక్కతే మిగిలింది, చుట్టూ ఖాళీ వాకిలి.

"ఎవ్వలు రాలేదా తమ్మీ?" అని అడిగాడు.

గల్లీ మొత్తం నా వీపు వెనక నిలబడి ఆ మాట విన్నది. ఎవరూ కదల్లేదు. నేను పోయి పెద్దమ్మ పక్కన కూర్చుని, కెమెరా నా వైపు తిప్పాను. ఆమె బతికుండగా చేయాల్సిన పని అది.

"నేనున్ననన్నా" అన్నాను.

"అమ్మ చేతులు జర దగ్గరికి చూపియ్యి" అన్నాడు.

ఫోన్ ఆమె వేళ్ల దగ్గర పెట్టాను. నున్నటి వేళ్లు, కదలకుండా ఉన్నాయి. తెరలో అతని చెయ్యి మెల్లగా ముందుకు వచ్చి, అంచు కిందికి పోయి కనబడకుండా అయింది. అక్కడ జైలు కంప్యూటర్ తెర మీద, అమ్మ వేళ్లు కనబడే చోట, తన వేళ్లు ఆనించి ఉంటాడు. ఆ చెయ్యి చాలాసేపు వెనక్కి రాలేదు.