పద్నాలుగు ఆకుల కషాయం

ఏడేళ్లుగా ఒక అబద్ధం తడిసిన ధాన్యం బస్తాలా నా గుండె మీద కూర్చుంది. మామూలుగా నా అబద్ధాలు తేలికైనవి. ధవళేశ్వరం గేట్ల దగ్గర పులస చేప నా పేరు అడిగిందని చెప్పి ఊరిని నవ్వించినవాణ్ణి. ఇది అలాంటిది కాదు. మీకు చెబుతాను.

మాది అయిదుగురు సేంద్రియ రైతుల జట్టు. మా పంటకు సర్టిఫికెట్ కావాలంటే మేమే ఒకరి చేను ఒకరం తిరిగి చూసి, మందు కొట్టలేదని సంతకాలు పెట్టాలి. నమ్మకమే మా ల్యాబు.

ఆ ఏడు నా వరికి దోమ పట్టింది. భయపడ్డాను. జట్టంతా భీమవరం పెళ్లికి వెళ్లిన రోజు పురుగుమందు కొట్టేశాను. చేను నిలబడింది. ఎలాగని అడిగితే నా నాలుక ఊరుకుంటుందా? పద్నాలుగు ఆకుల కషాయమన్నాను. ఏ ఆకు తర్వాత ఏ ఆకు వెయ్యాలో కూడా చెప్పాను. సంతకాలు పడ్డాయి.

జట్టులోని మంగమ్మగారు తన అరెకరానికీ దోమ పడితే ఆ కషాయమే కాచి కొట్టుకున్నారు. దోమ ఆగక చేనంతా మాడిపోయింది.

"ఆకులేమన్నా తప్పేశానంటారా అన్నయ్యగారూ?"

"పొయ్యి మీంచి దింపేటప్పుడు మాట్లాడారేమో అమ్మా. మాట్లాడితే గుణం ఇరిగిపోద్ది."

"మా కోడలితో మాట్లాడానండి. నా చేతికే గుణం లేదు."

ఆవిడ జట్టులోంచి తప్పుకున్నారు.

ఆ మాట ఎందుకన్నాను? దొరికిపోతానన్న భయమా? లేక అంత చక్కగా అల్లిన కథ చెడిపోతుందన్న బాధా? రెండోదేనేమోనని తోచినప్పుడల్లా అన్నం సహించేది కాదు.

మొన్న చేలు చూసే రోజున మంగమ్మగారిని పిలిపించి, అందరి ముందూ చెప్పేశాను. జట్టంతా నవ్వారు.

"పులస కంటే ఇదే బాగుందండి," అన్నాడొకాయన.

పాకలో ఏడేళ్లుగా దాచిన మందు డబ్బా తెచ్చి మధ్యలో పెట్టాను. నవ్వులు ఆగిపోయాయి.

మంగమ్మగారు మూత తీసి వాసన చూశారు. "అయితే నా చెయ్యి మంచిదేనన్నమాట," అన్నారు, నావైపు చూడకుండా.

జట్టు నన్ను తీసేసి, నా చోట ఆవిడను కూర్చోబెట్టింది. కాగితం మీద నా పేరు కొట్టేసి మొదటి సంతకం పెట్టింది ఆవిడే. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

కాలవ గట్టు మీద పెళ్లికొడుకులా నడిచి ఇంటికొచ్చాను. ఒక్క ఆకు కూడా కలపకుండా చెప్పిన కథను, జన్మకి మొదటిసారి, నమ్మించగలిగాను.