మైకులో సైదమ్మత్త

జింకలను బెదిరించడానికి మైకులో మొదట ఎక్కించింది నా గొంతే. మర్నాడు పొద్దున చేనికి పోయి చూస్తే అవి బెదిరిన ఆనవాలు లేదు సరికదా, మైకు కట్టిన కర్ర చుట్టూ గడ్డి నలిగి, హాయిగా పడుకుని లేచి వెళ్లిన గుర్తులు ఉన్నాయి. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా ఆవిడ సునీత ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "నాకు పెండ్లయిన కాడ్నించి గదే బాధ. నీ ముచ్చట మొదలైతే చాలు, కండ్లు మూతలు పడుతయ్," అంది. మాటకారినని ఊళ్లో పేరున్నవాణ్ని. లారీ నడిపిన రోజుల్లో డాబా దగ్గర మంచం వాల్చుకుని కూర్చుంటే నా చుట్టూ జనం మూగేవారు. అటువంటి నన్ను జింకలు జోలపాట కింద వాడుకున్నాయి.

ఇప్పుడు ఆ మైకులో ఉన్న గొంతు నాది కాదు. సాయంత్రం ఎండ గుట్ట వెనక్కి జారి, కంది మొక్కల నీడలు సాగే వేళకు నేను దాని మీట నొక్కుతాను. ముందు కీచుమని ఒక చప్పుడు. తరువాత ఒక దగ్గు, పొగాకు నమిలి నమిలి గరుకెక్కిన దగ్గు. ఆ వెంటనే "ఏయ్! ఎవరే అది?" అని సైదమ్మత్త గుట్టంతా వినపడేలా అరుస్తుంది. ఆమె పోయి ఏడాది దాటింది. అయినా ఆ దగ్గు వినపడగానే నా చేతిలో బీడీ ఉంటే పారేస్తాను. తాను పొగాకు నమలవచ్చు, నేను బీడీ తాగకూడదు. అది ఆమె చట్టం. ఆమెను మీరు చూడలేదు కాబట్టి ఎటువంటి మనిషో చెబుదామని కూర్చున్నాను. చెప్పాలంటే ముందు నాకు తేలాలి. అది ఇప్పటికీ తేలలేదు.

మాది కోదాడకు, మేళ్లచెరువుకు నడుమ ఒక ఊరు. ఒకవైపు సున్నపురాయి, సిమెంటు లారీల దుమ్ము. ఇంకోవైపు పొదలు పెరిగిన గుట్ట. ఏడో తరగతిలో బడి మానేసి లారీ ఎక్కినవాణ్ని, నడుము చెడేదాకా దిగలేదు. ఇక స్టీరింగు ముందు కూర్చుంటే మనిషివి మంచానికే అని మిర్యాలగూడ డాక్టరు చెప్పాక, గుట్ట కింద కొంత చెలక, అంటే మెట్టభూమి, కౌలుకు పట్టి కంది, పెసర వేశాను. ఆ చేను చేతికి రాకపోతే మళ్లీ లారీయే గతి. ఆ భయం ఎవరికీ చెప్పలేదు, జోకుల కింద దాచుకుని తిరిగాను. గుట్ట మీద జింకలున్నాయన్న మాట చెలక ఇచ్చిన ఆసామి నాకు చెప్పలేదు. "గాలి మంచిగ వస్తది" అని మాత్రం చెప్పాడు. గాలి నిజంగానే బాగా వస్తుంది. దాని వెనకే మిగతావన్నీ వస్తాయి.

నా చెలకను ఆనుకునే సైదమ్మత్త చేను. భర్త లేడు. ఒక్కడే కొడుకు వెంకన్న, కోదాడలో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు. రమ్మంటే ఆమె పోదు. మాకు చుట్టరికం ఏమీ లేదు. మొదటిరోజే నన్ను పైనుంచి కిందికి చూసి "ఏం అల్లుడా, లారీకి రివర్సు ఉంటది, చేనుకు ఉండదు, తెలుసా?" అంది. "ఉంటదత్తా, నా నడుముకే లేదు" అన్నాను. ఆ రోజు నుంచి ఆమె అత్త, నేను అల్లుణ్ని.

మా దగ్గర చేను చుట్టూ పాతచీరలు కడతారు. గాలికి అవి ఊగుతుంటే మనుషులు తిరుగుతున్నారనుకుని జింకలు, అడవిపందులు లోపలికి రావని ఆశ. సైదమ్మత్త చేను చూస్తే తిరునాళ్లకు పోతున్న ఆడవాళ్లంతా వరస కట్టినట్టుండేది. ఏ చీర ఎవరిదో చెప్పేది. ఒక వెలిసిపోయిన ఎర్రచీర చూపించి, "ఇది కట్టుకుంటె నా మొగడే భయపడకపోయె, జింక భయపడతదా? ఊకె అలవాటుకు కట్టిన," అంది. నేనూ ఇంట్లో మూట కట్టి ఉన్న చీరలు తెచ్చి హుషారుగా చుట్టూ కట్టేశాను. మధ్యాహ్నం అన్నం తెచ్చిన సునీత చేను గెట్టు మీదనే నిలబడిపోయింది. నేను తెచ్చింది పాతబట్టల మూట కాదు, ఫాల్ కుట్టించడానికి పెట్టిన మూట. పుట్టింటివాళ్లు పెట్టిన పట్టుచీర రేగుముల్లుకు తగిలి రెపరెపలాడుతోంది. సునీత కళ్లల్లో నీళ్లు. నాకు మొదటిసారి జోకు తట్టలేదు. సైదమ్మత్త వచ్చి, "ఏడవకు బిడ్డా. ఊర్లె అందరు పెండ్లానికి పట్టుచీర పెడతరు, నీ మొగడు చేనుకు కట్టిండు. గీ చేనంటె వానికి గంత పానం, ఏం చేస్తం?" అని, ముల్లుకు చిరగకుండా పోగు పోగు విడదీసి, మడత పెట్టి ఆమె చేతిలో పెట్టింది. సునీత ఏడుస్తూనే నవ్వింది. నా మీద కోపం మాత్రం మడత పెట్టలేదు.

చీరలకు జింకలు త్వరలోనే అలవాటు పడ్డాయి. అప్పుడు వెంకన్న ఒక మైకు తెచ్చి ఇచ్చాడు. ఉల్లిగడ్డల ఆటోకు ఉంటుందే, అదే. ఒకసారి మాట ఎక్కిస్తే ఆపేదాకా అదే మాట చెబుతుంది. రెండు చేలకు నడుమ కర్ర పాతి కట్టాం. నా గొంతు ఏం సాధించిందో ముందే చెప్పాను. సైదమ్మత్త ఆ నలిగిన గడ్డి చూసి, "ఏమని ఎక్కిచ్చినవ్?" అని అడిగింది. "పోండి పోండి అన్నానత్తా." "పోండి అని చుట్టాలకు చెప్తరు. అది సుత పోవద్దనే చెప్తరు. తే ఇటు." మైకు నోటి దగ్గర పెట్టుకుని ఒకసారి దగ్గి, మొదలుపెట్టింది.

"ఏయ్! ఎవరే అది? నిన్న తిన్నది అరిగిందా, మల్ల వచ్చిన్రు? మీ అయ్య దున్నిండా, మీ అవ్వ కలుపు తీసిందా? సిగ్గు శరం లేదానె? పిల్లను సుత ఎంటేసుకొచ్చినవా, దొంగమొకమా! దానికి సుత గిదే నేర్పుతున్నవా? పోన్రి, పోయి గుట్ట మీద గడ్డి మెయ్యిన్రి!"

ఆ సాయంత్రం చేలోకి దిగబోతున్న ఒక మగజింక ఆ మాటకు గాల్లోకి ఎగిరి పొదల్లో పడింది. రోడ్డు మీద పోతున్న బండివాడు కూడా ఆగి, తలకున్న తువ్వాల తీసి, "ఏమైందమ్మా, నేనేం చేసిన?" అన్నాడు. ఆ రోజు సైదమ్మత్త గర్వం చూడాలి. కోదాడకు పోయినప్పుడు కొడుకు దుకాణంలో జనానికి చెప్పేదట, "నా గొంతు మైకులకు ఎక్కింది" అని.

నాకు అంతుపట్టకుండా పోయిన సంగతి ఇక్కడే మొదలవుతుంది. ఎండలు ముదిరాక ఆమె చేను చివర, గుట్ట మొదట్లో, ఒక సిమెంటు తొట్టి పెట్టించింది. సాయంత్రం ఇంటికి పోయేముందు ఒకే నడకలో రెండు పనులు చేసేది. మోటరు వేసి తొట్టి నింపేది, మైకు వేసేది. ఒకనాడు అడిగాను.

"అత్తా, తిట్టేది నువ్వే, నీళ్లు పోసేది నువ్వే. నువ్వు వాటి దిక్కా, మా దిక్కా?"

"తినుడు వేరె, తాగుడు వేరె. చేను నాది, తింటె తిడత. నీళ్లు నేను చేసిన్నా? భూమిలకెళ్లి వచ్చినయ్."

"తాగి తాగి అటే చేన్ల పడితె?"

"పడితె తిడత."

"తిడితె పోతయా?"

"పోకపోతె ఇంకా తిడత. నీకు పనేం లేదా?"

జవాబులన్నీ సరిగ్గానే ఉన్నట్టుండేవి. అన్నీ కలిపితే మాత్రం ఏ లెక్కకూ రావు. లారీ మీద నేను రకరకాల మనుషులను చూశాను. మంచివాళ్లకు ఒక రకంగా, చెడ్డవాళ్లకు ఒక రకంగా హారను కొట్టేవాణ్ని. ఈమెకు ఏ హారను కొట్టాలో తెలిసేది కాదు.

మరుసటి కారు పంటలో నా పెసర మూడొంతులు పోయింది. పందులు కొంత, జింకలు కొంత. ఎవరి వాటా ఎంతో అవి నాకు చెప్పలేదు. పెసర పోయాక కంది ఒక్కటే మిగిలింది. అది కూడా పోతే లారీ. ఆ దిగులుతో మిర్యాలగూడ పోయినప్పుడు, బియ్యం మిల్లు దగ్గర పాత లారీ దోస్తు ఒకడు, "చుట్టు తీగ గుంజి కరెంటు పెట్టు, ఖతం," అన్నాడు. నేరమని తెలుసు. ఎక్కడెక్కడో మనుషులే అంటుకుని పోయారనీ తెలుసు. అయినా తీగచుట్ట భుజాన వేసుకుని బస్సెక్కాను. నడుము నొప్పికన్నా ఆ చుట్ట బరువే ఎక్కువగా తెలిసింది.

చేను దగ్గర సైదమ్మత్త ఆ చుట్టను చూసింది. నేను తిట్లకు సిద్ధంగా ఉన్నాను. జవాబులు కూడా బస్సులోనే తయారు చేసుకున్నాను.

"ఎప్పుడు పెడతవ్?" అంది.

"రేపు."

ఆమె కర్ర దగ్గరికి పోయి మైకు విప్పి, కొంగులో చుట్టుకుంది.

"మైకెందుకత్తా తీస్తున్నవ్?"

"నువ్వు తీగ పెట్టినన్ని దినాలు ఈడ నా గొంతు వినపడొద్దు."

ఆమెకు కోపం వచ్చిందనుకున్నాను. మర్నాడు ఆమె మైకు తేలేదు. తొట్టి నింపలేదు. నాతో మాట్లాడింది మామూలుగానే. కూర కూడా పెట్టింది. సాయంత్రం కాగానే చేను మీద చప్పుడు లేకుండా పోయింది. ఆ దగ్గు లేదు, ఆ అరుపు లేదు. చేను చుట్టూ గుంజడానికి తీగచుట్ట విప్పుదామని కూర్చున్నాను. చేతులు రాలేదు. నేను మంచివాణ్నని రాలేదో, భయస్థుణ్నని రాలేదో, ఆమె అరుపు లేక పనిలో పడలేకపోయానో చెప్పలేను. కొన్నాళ్లు చూసి, ఆ తీగను ముక్కలు చేసి దానితోనే చీరలు బిగించి కట్టాను. కరెంటు లేని తీగ అని ఆమెకు చూపించాను. "ఆఁ, ఇప్పుడు గట్టిగున్నయ్," అంది, చీరలను లాగి చూస్తూ. ఆ సాయంత్రం మైకు మళ్లీ కర్ర ఎక్కింది. ఆ ఏడు కంది సగానికి పైగా ఇంటికి చేరింది. లారీ ఎక్కలేదు.

తరువాత ఆమెకు జ్వరం పట్టింది. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాం. మంచం మీద కూడా నర్సును తిట్టి, ఆ నర్సుకే తన పండ్లు పెట్టింది. ఇంటికి రాలేదు.

కర్మకాండ అయ్యాక వెంకన్న తల్లి చేను నాకే కౌలుకిచ్చాడు. మైకు దగ్గర నిలబడి, "ఇది తీసెయ్ బావా. నిన్న ఎవరో వేశారు. అమ్మ తిడుతుంటే నన్నేననుకుని పరిగెత్తుకుంటూ వచ్చాను," అన్నాడు. మైకు విప్పి పాకలో పెట్టాను. తొట్టి సంగతి నాకు గుర్తు కూడా రాలేదు.

ఎండాకాలం వచ్చేసరికి రెండు చేలు నా నెత్తిన ఉన్నాయి. పొద్దున పోయి చూస్తే, మోటరు నీళ్లతో వేసిన పెసర మొక్కల తలలు కొరికి ఉండేవి. అరిచాను, డబ్బాలు కొట్టాను. చివరికి ఒక సాయంత్రం, వెంకన్నకు తెలియకపోతే చాలనుకుని మైకు తెచ్చి కట్టి మీట నొక్కాను. దగ్గు. "ఏయ్! ఎవరే అది?"

గుట్ట మీద పొదలు కదిలాయి. జింకలు దిగివస్తున్నాయి. పారిపోవడం లేదు, పరుగెత్తడం లేదు. బడి గంట విన్న పిల్లల్లా వరసగా దిగివస్తున్నాయి. "సిగ్గు శరం లేదానె" అని ఆమె అరుస్తుంటే అవి చేనువైపు చూడకుండా తిన్నగా తొట్టి దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. తొట్టి ఎండిపోయి ఉంది. ఒక తల్లిజింక అడుగున నాకి, తలెత్తి మైకువైపు చూసింది. "పిల్లను సుత ఎంటేసుకొచ్చినవా" అన్నది మైకు. నిజంగానే దాని పక్కన పిల్ల ఉంది. నేను మోటరు దగ్గరికి పరుగెత్తాను. నడుము సంగతి మరిచిపోయాను.

నీళ్లు తాగి అవి గుట్టెక్కాయి. మర్నాడు కొరికిన తలలు తక్కువగా కనిపించాయి. దాహానికే పచ్చిది కొరుకుతున్నాయో, ఆ రోజు వేరే చేనికి పోయాయో నేను చెప్పలేను. వెంకన్నకు చెప్పకుండా దాచడం నాకు చేతకాలేదు. మరుసటి సాయంత్రం కోదాడ నుంచి వచ్చి, గెట్టు మీద నా పక్కన కూర్చుని అంతా చూశాడు. తల్లి తిడుతోంది, జింకలు తాగుతున్నాయి. నావైపు తిరిగాడు.

"బావా, అమ్మ వీటిని తరుముతోందా, పిలుస్తోందా?"

నా గొంతు వినపడొద్దు అని ఆమె మైకు విప్పిన రోజు గుర్తొచ్చింది. ఆమెకు తెలుసా? తెలిసే తిట్టిందా? లేక చేనును కాపాడుతున్నాననే నమ్మి తిట్టిందా? రెండూనా? ఆమె ఉంటే, అడిగితే, నీకు పనేం లేదా అని ఉండేది. "తెలియదు వెంకన్నా," అన్నాను. అతను కళ్లు తుడుచుకుని, "తియ్యకులే బావా, ఉండనియ్," అన్నాడు.

అప్పటినుంచి ఆ రెండు పనులూ నావే. తొట్టి నింపుతాను, మైకు వేస్తాను. చేను కొంత నాకు దక్కుతోంది, కొంత వాటికి పోతోంది. ప్రతి విత్తుకూ లారీ భయం వస్తుంది, ప్రతి కోతకూ కొంచెం వెనక్కి పోతుంది. జింకలను చూస్తే నాకూ తిట్లు వస్తాయి. తిడుతూనే తొట్టిలో నాచు కడుగుతాను. ఎవరి దిక్కున ఉన్నావని నన్ను అడిగితే ఆమె జవాబులే చెబుతాను. అవి ఇప్పటికీ ఏ లెక్కకూ రావు.

మొన్న సాయంత్రం గెట్టు మీద కూర్చుని, జింకలు తాగుతుంటే చూస్తూ సునీతతో అన్నాను: "నేను పోయినంక నా గొంతు సుత గిట్లనే మైకుల పెట్టవే."

ఆమె నా చేతిలోని పైపు నీళ్లు తొట్టి బయట పడుతుండడం చూసింది.

"నీ గొంతు పెడితె అవి పండుకుంటయ్, తొట్టి ఎవరు నింపుతరు? ఏడికి పోవద్దు గాని, పైపు సక్కగ పట్టు."