దారానికి పూసిన చామంతులు

ఆ రోజుల్లో మా వికారాబాదులో బడి మానేసినవాడికి ఇంట్లో వెంటనే ఒక ఉద్యోగం దొరికేది: చెట్లకు నీళ్లు పోయడం. నాకది అక్క పెళ్లయిన ఎండాకాలంలో ఖాయమైంది. తాండూరు బండి కదులుతుంటే కిటికీలోంచి అక్క చెప్పిన చివరి మాట కూడా తన చామంతుల గురించే. "తమ్మీ, చివర్లు తుంచుతుండు, కొమ్మలు మస్తుగొస్తయి. వినాయక చవితి దాటినంక మాత్రం చెయ్యి పెట్టకు." మొదటి ముక్క పట్టుకున్నాను. రెండోదాన్ని బడిలో పాఠాన్ని వదిలేసినట్టే వదిలేశాను.

ఒక చివర తుంచితే రెండు కొమ్మలు, రెండు తుంచితే నాలుగు! ఆరో తరగతిలో నా మీద అలిగిపోయిన లెక్కలు పెరట్లోకి తిరిగొచ్చాయి. చవితి దాటినా తుంచాను, మొగ్గలు కనిపించినా తుంచాను (ఒకటి పోతే రెండొస్తాయి కదా!), దసరా దాకా తుంచాను. ఇంతలో కబురు. దీపావళికి అక్క వస్తోంది, వెంట అత్తగారు కూడా. మా ఇంటి చామంతి అరచేతంత పూస్తుందని అక్క అక్కడ గొప్పలు చెప్పిందట, "చూస్త గని" అని ఆవిడ బయల్దేరిందట. మా పెరట్లోనేమో పచ్చటి ఆకు తప్ప ఒక్క పువ్వు లేదు. అమ్మ చూసి, "మేకను కొనుక్క రా, గదన్న సంతోషపడ్తది" అంది.

అక్క మాట పోకూడదు. బజారు నుంచి విడిపూలు తెచ్చి, అమ్మ రవికెలు కుట్టే దారంతో కొమ్మకొకటి కట్టాను (పసుపుపచ్చవి చాలక అదే చెట్టుకు రెండు తెల్లవి కూడా).

అత్తగారు వచ్చింది, వంగింది, ఒక పువ్వును కోయబోయింది. పువ్వు వెంట కొమ్మంతా వచ్చింది.

"మా తాండూరుల పూలకు తొడిమెలుంటయి బిడ్డా," అంది అక్కతో. "మీ దిక్కు దారాలుంటయా?"

అక్క మొహం తెల్లబోయింది. నా వైపు తిరిగింది. "చవితి దాటినంక తుంచినవా?"

"జర... దసరా దాకా."

అక్కకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. అత్తగారు ఆ పువ్వు ముడి నింపాదిగా విప్పి, అక్క జడలో తనే పెట్టింది. "పూలు కొనుక్కొచ్చినయే అయితేంది, కట్టినోడు ఇంటోడే గద!"

వాళ్లు తడిగుడ్డలో నాలుగు పిలకలు చుట్టుకొని వెళ్లారు. మార్గశిరంలో పెరడంతా పూసింది, అరచేతంత పూలు. పెట్టుకునే జడ మాత్రం లేదు. అంత రంగు మధ్యన కూర్చొని, ఎవరో "తమ్మీ" అన్నట్టుంటే రెండుసార్లు వెనక్కి చూశాను.

ఇప్పుడు అక్క లేదు. ఆ పిలకల సంతతి తాండూరు ఇంట్లో ఇంకా పూస్తోంది. నేను వెళ్లగానే అక్క కూతురు, "మామా, దూరంకెల్లి చూడు!" అని అరుస్తుంది. బుద్ధిగా చేతులు వెనక్కి కట్టుకుంటాను. జేబులో మాత్రం ఓ దారపుముక్క ఉంటుంది. ఏ ఏడు ఎట్లుంటుందో!